గోగునార పలకల షబ్నమ్

భద్రాచలం బ్రిడ్జి సెంటర్లో పొద్దున ఏడింటికల్లా కూలి అడ్డా నిండిపోతుంది. తాపీ, తూకంగుండు సంచిలో వేసుకున్న మేస్త్రీలు టీ కొట్టు వైపు నిలబడతారు. ఆడవాళ్ళు రోడ్డుకు ఇవతల తట్టలు బోర్లించుకుని వాటి మీద కూర్చుంటారు. ఆ హద్దు ఎప్పుడు పడిందో ఎవరికీ తెలియదు, అయినా ఎవరూ దాటరు. షబ్నమ్ పదహారేళ్ళు ఇవతలే కూర్చుంది.

ఆమె పని మాలు కలపడం, మోయడం. ఇసుక జల్లెడ పట్టి, సిమెంటు కలిపి, తట్ట నెత్తిన పెట్టుకుని కర్రల సారువ ఎక్కి మేస్త్రీకి అందించాలి. చేతులు ఆ పని చేస్తున్నా కళ్ళు మాత్రం ఎప్పుడూ మేస్త్రీ మణికట్టు మీదే ఉండేవి. మాలు విసిరేటప్పుడు తాపీ ఎంత వంగుతుంది, మూల తిప్పేటప్పుడు ఎక్కడ ఆగుతుంది, అన్నీ చూసి చూసి ఆమెకు కంఠతా వచ్చేశాయి.

ఒకరోజు చర్ల రోడ్డులో ఒక ఇంటి పని మీద ఉండగా వెంకటకృష్ణ మేస్త్రీ అన్నం తినడానికి దిగాడు. కలిపిన మాలు ఎండకు బిగిసిపోతోంది. షబ్నమ్ అతని తాపీ తీసుకుని కిటికీ పక్క మూల పూర్తి చేసింది. అతను వచ్చి తూకంగుండు వదిలి చూశాడు. మూల నిటారుగానే ఉంది. ఉన్నా సరే, అందరూ చూస్తుండగా ఆ పచ్చి మాలు మొత్తం గీకి కింద పడేశాడు. ఆడది తాపీ పట్టిన గోడలో ఎవరు కాపురం ఉంటారని నవ్వాడు. కింద పడ్డ మాలును ఆమె చేతనే ఎత్తించాడు.

ఆ సాయంత్రం ఇంటికి పోతూ షబ్నమ్ ఇనుప సామాన్ల కొట్టులో తాపీ కొనుక్కుంది. మర్నాడు అడ్డాలో రోడ్డు దాటి టీ కొట్టు వైపు పోయి, తాపీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మగవాళ్ళు కాసేపు ఆటపట్టించారు, తర్వాత చూడనట్టు ఊరుకున్నారు. ఇవతలి ఆడవాళ్ళు చెయ్యి ఊపి పిలిచారు. ఆమె లేవలేదు. పదకొండు రోజులు ఎవరూ పనికి పిలవలేదు. పదకొండు రోజులూ ఆమె అక్కడే కూర్చుని, ఎండ ఎక్కాక ఇంటికి పోయింది. భర్త అజారుద్దీన్ ట్రాలీ ఆటో నడుపుతాడు. మొదటి రోజు రాత్రి అతను ఒక్కటే అడిగాడు, రేపు కూడా పోతావా అని. పోతానంది. అతను మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

పన్నెండో రోజు పుల్లమ్మ టీచర్ వచ్చింది. దుమ్ముగూడెం మండలంలో అడవి అంచున ఉన్న మామిళ్ళగుంపులో ఆమె అంగన్‌వాడీ నడుపుతుంది. అక్కడ కోయ పల్లెలను గుంపులంటారు. దుమ్ముగూడెంలో గోదారి ఒడ్డున చర్చి పక్కన వాళ్ళ ఇల్లు. ఉద్యోగం మొదలైన నాటి నుంచి ఆ ఒక్క ఊళ్ళోనే పని చేస్తోంది. తన కేంద్రం మీద సిమెంటు రేకులు వేశారనీ, మధ్యాహ్నానికి గది పొయ్యి మీద పెనంలా అవుతోందనీ, అన్నం పెట్టగానే పిల్లలు చెట్ల కిందికి పారిపోతున్నారనీ మేస్త్రీలకు చెప్పుకుంది. ఒకడు స్లాబు వేయించుకోమన్నాడు. ఇంకొకడు అంత దూరం అంత చిన్న పనికి రాలేనన్నాడు. వెంకటకృష్ణ అయితే కూలరు పెట్టుకోమన్నాడు. ఆ ఊళ్ళో పగటిపూట కరెంటు ఉండదని అతనికీ తెలుసు.

"నేను వచ్చి చూస్త టీచరమ్మా," అంది షబ్నమ్.

పుల్లమ్మ ఆమె ఒళ్ళోని తాపీ వైపు చూసింది, ముఖం వైపు చూసింది. "ఇప్పుడే బస్సుంది, పద," అంది.

ఆ మధ్యాహ్నం షబ్నమ్ ఆ గదిలో చాప వేసుకుని వెల్లకిలా పడుకుంది. పది నిమిషాలకే రవిక తడిసి వీపుకు అంటుకుపోయింది. రేకుల నుంచి వేడి చేత్తో నొక్కినట్టు దిగుతోంది. పక్కన రెండేళ్ళ పిల్ల నిద్ర పట్టక, ఏడవడానికి ఓపిక లేక నోరు తెరుచుకుని పడుకుని ఉంది. ఆ పిల్లను చూస్తుంటే షబ్నమ్‌కు తండ్రి కొట్టం గుర్తొచ్చింది.

ఆమె తండ్రి అహ్మద్ పాషా తాళ్ళు పేనేవాడు. పడవలకు మోకులు, బావులకు చేంతాళ్ళు, ఎడ్లకు పలుపులు, అన్నీ గోగునారతోనే. గోగు కట్టెలను వాగు మడుగులో రాళ్ళ కింద పదిహేను రోజులు మురగబెట్టి, నార వొలిచి, కడిగి, ఎండబెట్టేవాళ్ళు. ఆ వాసన ఒంటికి పట్టుకుని బళ్ళో పక్కన ఎవరూ కూర్చునేవాళ్ళు కాదు. షబ్నమ్ ఏడో తరగతితో చదువు మానడానికి అదొక కారణం. తర్వాత నైలాన్ తాడు వచ్చింది. కొడుకులు నైలాన్ అమ్ముదామన్నారు. పాషా ఒప్పుకోలేదు, కొట్టు మూసుకున్నాడు కానీ ఆ తాడు ముట్టలేదు. అమ్ముడుపోని నార కట్టలు కట్టలుగా కొట్టం వాసాల మీద అలాగే ఉండిపోయింది. ఆ కొట్టానికీ పైన రేకులే. కానీ మే నెలలో కూడా దాని కింద హాయిగా నిద్ర పట్టేది. వాసాల మీది నార వేడిని కిందికి రానిచ్చేది కాదు.

రెండు రోజులు ఆలోచించి ఆమె ఒక పద్ధతి అనుకుంది. రెండడుగుల చెక్క చట్రంలో బంకమట్టి, సున్నం కలిపిన ముద్ద పలచగా పరచాలి. దాని మీద నార నిలువుగా ఒక వరస, అడ్డంగా ఒక వరస వేసి, మళ్ళీ ముద్ద పూసి నొక్కాలి. అరంగుళం మందాన పలక తయారవుతుంది. వెదురు బద్దల చట్రం కట్టి ఆ పలకలను రేకుల కింద బిగించాలి. తండ్రిని నార అడిగితే ఎందుకని కూడా అడగలేదు ఆయన. నిచ్చెన వేయమని, తానే పైకెక్కి కట్టలు కిందికి దించాడు.

మామిళ్ళగుంపు ఆడవాళ్ళు మట్టి తెచ్చారు. కోయ మాటల్లో నవ్వుకుంటూ, ఆమెకు తెలుగులో చెబుతూ, నారను పాయలు పాయలుగా దువ్వారు. వానలు రాకముందే అయిపోవాలని షబ్నమ్‌కు ఒకటే ఆత్రం. మే నెలాఖరుకు గది నిండా పలకలు బిగించేసింది. ఆ వారమంతా పిల్లలు గదిలోనే పడుకున్నారు.

ఆగస్టులో ముసురు పట్టింది. పలకలు ఒక్కొక్కటే పొట్ట దించాయి. అంచుల వెంట నల్లటి బూజు పాకింది. ఒక ఆదివారం రాత్రి వానకు మధ్య పలక విరిగి, పిల్లలు పడుకునే చోట సరిగ్గా చాప మీద పడింది. సోమవారం పొద్దున తలుపు తీసిన పుల్లమ్మ ఆ ముక్కలు చూసి పిల్లలను వాకిట్లోనే ఆపేసింది. అది పగటిపూట పడి ఉంటే ఏమయ్యేదో అన్న ఆలోచన ఆమెను ఆ రోజంతా వదల్లేదు.

కబురు అందగానే షబ్నమ్ వచ్చింది. ఊరి పెద్దలు నలుగురు కేంద్రం ముందు నిలబడి ఉన్నారు. వాళ్ళలో హాతీరాం అనే కిరాణా కొట్టతను పిల్లల ప్రాణాలతో ఆటలేంటని నిలదీశాడు. ఎట్లా తెలిసిందో వెంకటకృష్ణ కూడా బండేసుకుని వచ్చాడు. పడ్డ పలకను కాలితో తిరగేసి, ఆ రోజు మూల ఎందుకు గీకేశానో ఇప్పుడు అర్థమైందా అన్నాడు.

షబ్నమ్ అతని వైపు తిరగలేదు. పెద్దలకే చెప్పింది. "నేను చేసిందే కూలింది. తప్పు నాదే. ఇయ్యాల అన్నీ నేనే దించుత. మళ్ళ చేసి నేనే ఎక్కిస్త. పడదు అని నాకు నమ్మకం కుదిరినంక, ముందు నేను దాని కింద పండుకుంట. నా తర్వాతే పిల్లలు."

మళ్ళీ ఎక్కించే మాట ఎవరికీ నచ్చలేదు. ఆమె చెప్పాల్సింది చెప్పి నిచ్చెన ఎక్కింది. వానలో తడుస్తూ ఒక్కో పలకా దించి, ఆరుబయట పేర్చింది. విరిగిన ముక్క ఒకటి సంచిలో వేసుకుని బస్సెక్కింది.

ఆ ముక్క పట్టుకుని ఆమె పోయింది పిచ్చయ్య దగ్గరికి. గానుగలో రుబ్బే సున్నం పని తెలిసిన ముసలి మేస్త్రీల్లో ఆ చుట్టుపక్కల మిగిలింది ఆయనొక్కడే. ఎనభై దాటాయి, చూపు సగమే. ముక్కను చేతుల్లో నలిపి, వాసన చూసి, చివర నాలుకకు రాసుకుని ఉమ్మేశాడు.

"నార మంచిదే బిడ్డా. సున్నం పచ్చిది. ఎన్నొద్దులు నానేసినవ్?"

రెండు రోజులని చెప్పింది.

"రెండు నెలలు మాగాలె. పలక నీడల ఆరాలె, నువ్వేమో ఎండల పెట్టి బిస్కిట్టు జేసినవ్. రేకుకు ఆనిచ్చి కొట్టినవా?"

"అవ్ తాతా."

"మరి రేకుకు చెమట పట్టదా? ఆ నీళ్ళు ఎటు పోవాలె? జానెడు సందియ్యి, గాలాడనియ్యి. కరక్కాయ ఉడకబెట్టిన నీళ్ళు ముద్దల పోయి. అప్పుడు చూడు."

కరక్కాయలకు కొదవ లేదు. అడవిలో ఏరి అమ్మేది మామిళ్ళగుంపు ఆడవాళ్ళే. తండ్రి దించిన నార మొదటి పలకలకే అయిపోయింది. గోగు మాత్రం కూర కోసం చేను గట్ల మీద నాలుగు మొక్కలు వేసుకుంటారు అంతే. ఈసారి ఆకు కోసుకున్నాక కట్టెను పెరగనివ్వమని షబ్నమ్ ఇల్లిల్లూ తిరిగి అడిగింది. కొందరు ముఖం మీదే తలుపేశారు. ఏడిళ్ళవాళ్ళు ఒప్పుకున్నారు. చలికాలం రాగానే వాగులో గోగు ముంచారు. చిన్నప్పుడు ఏ వాసనకు సిగ్గుపడి బడి మానిందో ఆ వాసనలో ఆమె మోకాలి లోతు నీళ్ళలో నిలబడి నార వొలిచింది. సున్నం గోతిలో సంక్రాంతి దాకా మాగింది. ఈ ఐదు నెలలూ ఆమె మళ్ళీ తట్ట మోయడానికి పోలేదు. అడ్డాలో టీ కొట్టు వైపే కూర్చుంది. ఎప్పుడైనా చిన్నాచితకా పూత పని దొరికితే చేసింది, దొరకని రోజున కట్టెల పొయ్యిలకు మట్టి మెత్తి ఇచ్చింది.

మార్చిలో కొత్త పలకలు ఎక్కాయి. అందరికీ చెప్పినట్టే షబ్నమ్ మూడు పగళ్ళు ఒంటరిగా ఆ గదిలో పడుకుంది. ఒక్కో పలకకూ ఇసుక సంచి వేలాడదీసి చూసింది. మూడో రోజు సాయంత్రం హాతీరాం వచ్చి, తలెత్తి చూసి, తన మనవరాలిని ఆమె పక్కన కూర్చోబెట్టి పోయాడు. మర్నాటి నుంచి పిల్లలందరూ వచ్చారు. పుల్లమ్మ ఆరోగ్య ఉపకేంద్రం నుంచి గోడ థర్మామీటరు ఒకటి అడిగి తెచ్చి తగిలించింది. మధ్యాహ్నం రెండింటికి పక్క గుంపు కేంద్రంలో చూసినదానికీ ఇక్కడికీ ఆరు డిగ్రీల తేడా కనపడింది.

ఏప్రిల్‌లో ఇంజనీరు సారు తనిఖీకి వచ్చాడు. కుర్రవాడు, చెడ్డవాడేం కాదు, పని మీద భయం ఎక్కువ. సర్కారు కట్టడంలో అడక్కుండా మట్టి పలకలు ఎలా బిగించారని పుల్లమ్మను గదమాయించాడు. నార అంటే అగ్గిపెట్టె లాంటిదని, నిప్పురవ్వ పడితే పిల్లలు ఏమైపోతారని అడిగాడు. పుల్లమ్మ కబురు పంపితే, వాగులో నార కడుగుతున్న షబ్నమ్ తడి చీరతోనే వచ్చింది.

ఆమె వాదించలేదు. వంటగదిలో గ్యాసు పొయ్యి పెద్ద మంట పెట్టి, మిగిలిన పలక ఒకటి తెచ్చి దాని మీద పెట్టింది. వాచీ చూసుకోమని ఇంజనీరుకు చెప్పింది. గుమ్మంలో పిల్లల తల్లులు గుమికూడారు. పలక కింద నల్లటి గుండ్రం పడింది, సన్నగా ఒక పగులు వచ్చింది, కాలిన మట్టి వాసన వచ్చింది. అంతకు మించి ఏమీ కాలేదు. పది నిమిషాలయ్యాక ఆమె పలక పైవైపున అరచెయ్యి ఆనించి అలాగే ఉంచింది.

"పెట్టి చూడండి సార్."

అతను తటపటాయించి రెండు వేళ్ళు ఆనించాడు. వెచ్చగా ఉందంతే. తర్వాత, బాగానే ఉందిగానీ ఈ పలకలు మా రూల్స్‌లో ఎక్కడా లేవమ్మా, తీసేయాల్సిందే అన్నాడు.

"లేవని కాగితం మీద రాసియ్యండి," అంది షబ్నమ్. "ఈ పిల్లలు రేకుల కింద ఎండకు మాడుడు మాత్రం రూల్స్‌ల ఉన్నదని గూడ అదే కాగితంల రాయండి. సంతకం పెట్టండి. అప్పుడు తీస్త."

అతను రాయలేదు. జీపెక్కి వెళ్ళిపోయాడు. మూడు వారాల తర్వాత మండలం నుంచి కాగితమైతే వచ్చింది. అనుమతి లేని అమరికను వారం రోజుల్లో తొలగించాలి, లేకుంటే బాధ్యులపై చర్య ఉంటుంది. బాధ్యులంటే పుల్లమ్మే. ఇంకో నాలుగేళ్ళ సర్వీసు ఉంది. ఇంటిదగ్గర భర్తకు మందులు ఆ జీతంతోనే. ఆమె కాగితం మడిచి కొంగున కట్టుకుని, తీసేద్దామని నెమ్మదిగా అంది. అంటూనే నిద్రపోతున్న పిల్లల వైపు చూసింది.

షబ్నమ్ ఆ కాగితం తీసుకుని భద్రాచలం పోయింది. ఏడో తరగతి నాటి వంకర అక్షరాలతో రెండు ప్రతులు జవాబు రాసింది. ఈ పలకలు చేసిందీ బిగించిందీ నేను, టీచరమ్మకు సంబంధం లేదు అని మొదలుపెట్టి, తండ్రి పేరు, ఇంటి నంబరు, ఫోను నంబరు వేసింది. "తీసేసేవాళ్ళు మధ్యాహ్నం ఒంటి గంటకు రావాలి. ముందు పక్క గుంపు కేంద్రంలో రేకుల కింద పిల్లలతో పాటు అరగంట కూర్చోవాలి. తర్వాత ఇక్కడ అరగంట కూర్చోవాలి. అప్పటికీ తీయాలనిపిస్తే నిచ్చెన నేనే తెస్తాను."

మండలం ఆఫీసులో గుమస్తా కాగితం తీసుకుని బల్ల మీద పడేశాడు. రెండో ప్రతి మీద ముద్ర వేసి ఇమ్మంది. తర్వాత రమ్మన్నాడు. ఆమె అతని బల్ల ఎదురుగా నేల మీద చక్కాముక్కాలు వేసుకుని కూర్చుంది. వచ్చేపోయేవాళ్ళు తప్పుకుని నడిచారు. భోజనాల వేళకు ఒకాయన విసుక్కుంటూ వచ్చి ముద్ర కొట్టి చేతికిచ్చాడు.

వారం గడిచింది. ఎనిమిదో రోజు సరిగ్గా ఒంటిగంటకు మామిళ్ళగుంపులో ఆఫీసు నుంచి ఒక పెద్ద మేడమ్ వచ్చి కారు దిగింది. పక్క గుంపు నుంచే వస్తున్నట్టుంది, ముఖం కందిపోయి, జాకెట్టు తడిసిపోయి ఉంది. లోపలికి వచ్చి గోడకు ఆనుకుని చాప మీద కూర్చుంది. పుల్లమ్మ మంచినీళ్ళిచ్చింది. మేడమ్ ఏదో అడగబోయి, పిల్లలు పడుకుని ఉండటం చూసి గొంతు తగ్గించింది. అరగంట కాదు, గంట కూర్చుంది. లేచి పోతూ ఈ నార ఎక్కడ దొరుకుతుందని మాత్రం అడిగింది. తీసేయమనీ చెప్పలేదు, ఉంచమనీ చెప్పలేదు. పాత కాగితాన్ని ఎవరూ వెనక్కి తీసుకోలేదు. దాన్ని అమలు చేయడానికీ ఎవరూ రాలేదు. పలకలు అలాగే ఉన్నాయి. ఆ ఏటి ముసురుకు ఒక్కటీ పొట్ట దించలేదు.

అహ్మద్ పాషాను అల్లుడు ట్రాలీలో కూర్చోబెట్టి ఒకసారి తీసుకొచ్చాడు. ఆయన నిచ్చెన రెండు మెట్లు ఎక్కి పలకను తడిమి చూసి, నార ఇంకోసారి కడిగి ఉండాల్సింది బేటీ అన్నాడు. షబ్నమ్ నవ్వి సరేనంది.

ఆ చలికాలానికి మరో మూడు గుంపుల టీచర్లు పుల్లమ్మను వెంటబెట్టుకుని వచ్చారు. అప్పుడే వెంకటకృష్ణ కూడా కబురు పంపాడు. కాంట్రాక్టు తన పేరు మీద తీసుకుంటాననీ, ఆమె తన కింద పలకలు చేసి పెడితే చాలుననీ. షబ్నమ్ తిరుగు కబురు పంపింది. నేర్చుకుంటానంటే రావచ్చు, మా దగ్గర కొత్తగా వచ్చినవాళ్ళు మొదటి ఆరు నెలలు తట్ట మోస్తారు అని. అతను రాలేదు. అడ్డాలో తట్ట మోసే ఇద్దరు ఆడవాళ్ళు మాత్రం వచ్చారు. వాళ్ళకు ఆమె మొదటి రోజే తాపీ చేతికిచ్చింది.

ఇప్పుడు ఆమెకు పలకలతో తృప్తి లేదు. నార వొలిచాక మిగిలే గోగు పుల్లను ముక్కలు కొట్టి, సున్నంతో కలిపి, ఇటుకల్లా పోసి గోడే కట్టాలని పట్టుబట్టింది. సొంత ఇంటి వెనక చిన్న గది మొదలుపెట్టింది. వీధిలోవాళ్ళు చెత్తతో గోడేందని నవ్వుతున్నారు. పోయిన నెల తూర్పు గోడ నడుమెత్తు లేచాక బయటికి ఉబ్బింది. అజారుద్దీన్ కర్ర పోటు పెడదామన్నాడు. షబ్నమ్ గుండు వదిలి చూసింది. పోటు పెడితే నిలిచేదే. ఆమె రెండు చేతులతో తోసి ఆ గోడ పడేసింది. ఉబ్బిన చోట ముక్క తీసి నలిపి, నాలుకకు రాసుకుని ఉమ్మేసింది. పుల్ల సరిగ్గా ఆరలేదు. చేతులు దులుపుకుని, బకెట్టు అందుకుని, గోతిలో సున్నం మీద నీళ్ళు పోసింది.